గడ్డి పురుగు పైకి పోవద్దని

బాన్సువాడ
12 అక్టోబర్ 2025

చెల్లె సుచరితకు, అన్న లింగం రాస్తున్నది.

ఈడ నేను, మిల్లు, మిల్లు దుమ్ము అందరం మంచిగున్నం. నువ్వెట్లున్నవ్? మొన్న నువ్వు ఫోన్ చేసినట్టున్నవ్. జేబుల గుర్రుమన్నది, ఎత్తిన, "ఆఁ ఆఁ" అన్న, పెట్టేసిన. నువ్వేమన్నవో దేవునికెరుక. ఇరవై ఏండ్లు బియ్యం మిల్లుల పని చేస్తే చెవులు మిల్లుకే ఇచ్చి రావాలె. డాక్టరు ఇచ్చిన మిషిని చెవుల పెట్టుకుంటే కీచుమంటది తప్ప మనిషి మాట రాదు. నీ మెసేజులేమో ఈ డొక్కు ఫోన్ల అన్నీ డబ్బాలు డబ్బాలు కనవడ్తయి. ఫోన్ బంద్ చెయ్యి, జాబు రాయి. నువ్వు పుస్తకంల లెక్క రాస్తవు, నేను నోటికొచ్చినట్టు రాస్త. ఇద్దరికీ సమజైతది.

ఇగ అసలు ముచ్చట. నవ్వద్దు. నాకొక సంబంధం వచ్చింది. పక్కింటి గంగయ్య మామ తెచ్చిండు. మద్నూర్ పిల్ల, పేరు రుక్మాబాయి. మొదటాయనతోని ఇడుపు కాయితమై చానా ఏండ్లయింది, పిల్లల్లేరు. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడుతదట. నాకేంది, రెండూ ఇనవడయ్. "చెవుడైతే ఏమాయె, నాకు రాసుడొస్తది, రాసి చూపిస్త" అన్నదట. గా మాట ఎరుకైన పూట సంతోషానికి నాకు అన్నం సయించలే.

వాళ్ళడిగింది ఒక్కటే. ఆడబిడ్డ వచ్చి పిల్లకు బొట్టు పెట్టాలె. అవ్వ లేదు, నాయన లేడు, మన దిక్కు నుంచి నువ్వొక్కదానివే. కోతలైనంక నవంబర్ల పోదమనుకుంటున్నం. రెండు దినాలు సెలవు పెట్టు. ఇనుప డబ్బాను దూదితోని తుడిచే పనికి రెండు దినాలు ఆగితే డబ్బా యాడికి పారిపోదు.

తమాషకే అన్న, కోపానికి రాకు. కాని రా. పొద్దుమూకి ఇంట్ల కూసుంటే, నా బుక్క నేను నమిలే చప్పుడు గూడ నాకు ఇనవడదు సుచీ.

నీ అన్న
లింగం


బెంగళూరు
20 అక్టోబర్ 2025

లింగన్నా,

నీ జాబు చదివి గదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. పక్క గది అమ్మాయి వచ్చి తలుపు తట్టి "ఏమైంది?" అని అడిగింది. ఈ హాస్టల్‌కు వచ్చిన ఇన్ని నెలల్లో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే. మా అన్నకు పెళ్ళి అని చెబితే, అయోమయంగా చూసి వెళ్ళిపోయింది.

రుక్మాబాయి. పేరు నాకు నచ్చింది. రాసి చూపిస్తానన్నదంటే మనిషి ఇంకా నచ్చింది. కానీ అన్నా, నవంబర్‌లో నేను రాలేను. చదివి కాగితం విసిరికొట్టకు, ఎందుకో చెప్పనీ.

నేను తుడిచే డబ్బా అంగారకుడి మీద దిగబోయే నౌక. దాని మీద ఒక రకం పురుగులు ఉంటాయి, కంటికి కనిపించవు. తిండీ నీళ్ళూ లేకపోతే చచ్చిపోవు, గట్టి పొట్టు చుట్టుకుని విత్తనంలా నిద్రపోతాయి. ఉడకబెట్టినా చావవు, స్పిరిట్ పూసినా చావవు. ఎండలో, చలిలో, గాలి లేని చోట ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండగలవు. అవి ఇక్కడినుంచి నౌక మీద వెళ్ళి అక్కడ దిగాయనుకో, రేపు ఎవరైనా అక్కడి మట్టిలో ప్రాణం దొరికిందని సంబరపడితే, అది అక్కడిదో మన దగ్గరినుంచి పోయిందో ఎవరూ చెప్పలేరు. అక్కడ నిజంగానే ఏదైనా ప్రాణం ఉంటే మనది పోయి దాన్ని మింగేయవచ్చు కూడా. అందుకే దూదిపుల్లతో నౌక అంగుళం అంగుళం తుడిచి, ఆ దూదిని గాజు పళ్ళెంలో పెట్టి ఏం మొలుస్తుందో చూడటం నా పని.

ఆ పురుగుల్లో అన్నిటికంటే మొండిది ఎక్కడ ఉంటుందో తెలుసా? వరిగడ్డిలో. మన గడ్డివాములో చేయి పెడితే గుప్పెడు వస్తాయి. అందుకని పొలాల్లోకి, పశువుల దగ్గరికి వెళ్ళి వచ్చినవాళ్ళను మూడు వారాలు నౌక ఉన్న గదిలోకి రానివ్వరు. ఇప్పుడు ఆఖరి దశ. నేను వస్తే నా చోట్లో ఇంకొకరిని పెడతారు, మళ్ళీ నన్ను తీసుకోరు. ఈ ఒక్క పని కోసమే కదా అన్నా నువ్వు మిల్లులో ఆ చప్పుడు మధ్య నిలబడి నన్ను చదివించావు.

జనవరి చివరికి నా పని అయిపోతుంది. అప్పటిదాకా ఆగమని అడుగు. ఈలోపు నువ్వు నన్ను చూడటానికి రావాలనుకుంటే మాత్రం మిల్లునుంచి తిన్నగా రాకు. తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని రా. ఇంటి దగ్గరనుంచి ఏమీ తేకు.

నీ సుచి


బాన్సువాడ
28 అక్టోబర్ 2025

సుచరితకు,

నీ జాబు అందింది. సమజైంది. ఎక్కువనే సమజైంది.

మన అవ్వ పెద్దింట్ల కూలికి పోతుండె, యాదికున్నదా నీకు? నువ్వు చిన్నదానివి. దూపైతుందంటే వాకిట్ల కూసోవెట్టి, దోసిలి పట్టమని, పైకెల్లి నీళ్ళు పోస్తుండిరి. చెంబు అవ్వకు తాకొద్దు. తాకితే వాళ్ళ మడి పోతది. ఇంటికొచ్చి అవ్వ కడుపు నిండ మళ్ళ నీళ్ళు తాగుతుండె. ఇప్పుడు గా అవ్వ బిడ్డ పెద్ద నౌకరీ చేస్తుంది. అన్న వస్తే తానం చేసి రావాలెనట. ఇంటికెల్లి ఏం తేవద్దట. నువ్వు గూడ మడి కట్టుకుంటివి. మంచిగున్నది.

నా బట్టలకు మిల్లు దుమ్ము ఉంటది, అవును. గా దుమ్ముల నిలవడే నీ కాలేజీ ఫీజు కట్టిన.

గా కుజుని మీద ఎవలున్నరే? ఎవడన్న ఉన్నడా, లేడా? పంతుళ్ళు జాతకాల్ల కుజుడున్నడని ఊరి పిల్లల పెండ్లిలు ఆపుతరు. నాకు జాతకం గూడ లేదు, అయినా వాడు అడ్డమొచ్చిండు సూడు!

వాళ్ళు జనవరి దాక ఆగుతరో లేదో నాకెర్క లేదు. నేను, గంగయ్య మామ పోయి అడుగుతం. నువ్వు నీ డబ్బా తుడుసుకో.

లింగం


బెంగళూరు
5 నవంబర్ 2025

అన్నా,

నీ జాబు చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. తర్వాత మళ్ళీ చదివి మళ్ళీ ఏడ్చాను. అవ్వ దోసిలి నాకెందుకు గుర్తుండదు? నేను అవ్వ కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని.

నన్ను ఏమైనా అను, మడి కట్టుకున్నదని మాత్రం అనకు. మడి కట్టుకున్నవాళ్ళు తాము శుభ్రమనీ, అవతలివాళ్ళే మురికి అనీ అనుకుంటారు. ఇక్కడ గదిలోకి వెళ్ళేముందు మాకు చెప్పే మొదటి మాట, మీరే మురికి అని. నాకే కాదు, మా పెద్దసారుకూ అదే మాట. ఆయన కారులో వస్తాడు, ఆయన తలవెంట్రుకల్లోనూ అవే పురుగులు. నేను మొదటి రోజే ఆయన మెడ మీద దూదిపుల్ల రాసి చూశాను, పళ్ళెం నిండా మొలిచింది! మనిషన్నవాడు ఎవడైనా సరే అక్కడ అంటరానివాడే. ఎవరూ లేని చోటు ముందు మేమంతా వాకిట్లో కూర్చుంటాం అన్నా.

ఎవడున్నాడని అడిగావు. తెలియదు. ఉన్నారో లేదో తెలియని ఇంట్లోకి చెప్పులతో జొరబడొద్దని మా తాపత్రయం, అంతే.

లోపల ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ రాయలేదు. తలనుంచి కాళ్ళదాకా తెల్లటి సూటు. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఎవరు ఎవరో తెలియక వీపు మీద పేర్లు అతికించుకుంటాం. మాట్లాడితే తుంపర్లు పడతాయని మాట్లాడుకోం, చేతులతో సైగలు చేసుకుంటాం. ఆ గదిలో నిలబడినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. నీకు రోజంతా ఇలాగే ఉంటుంది కదా. బయటికి వచ్చాక ముసుగు తీస్తే, మాట్లాడటానికి నాకు మాత్రం ఎవరున్నారు?

మద్నూర్‌కు తప్పకుండా వెళ్ళు. నేను ఎందుకు రాలేదని అడిగితే దాచకు, సాకులు చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మనం సిగ్గుపడే పని కాదు ఇది. విన్నవాళ్ళు కాదనరు.

నీ మురికి చెల్లెలు
సుచి


బాన్సువాడ
17 నవంబర్ 2025

నా బంగారు చెల్లెకు,

గిప్పుడే మద్నూర్‌కెల్లి వచ్చిన, కాళ్ళు గూడ కడుక్కోలే. నీకు రాసినంకనే బువ్వ.

ముందుగాల, నా కిందటి జాబు చింపెయ్యి. నీ జాబు నాలుగు మాట్లు చదివిన. పెద్దసారు మెడ కాడికొచ్చేటప్పటికి నవ్వు ఆపుకోలేకపోయిన. మిల్లుల హమాలి హర్యాకు చదివి వినిపిస్తే వాడు "గట్లనా! సార్లకు గూడనా!" అన్నట్టు కండ్లు పెద్దగ చేసి తొడ కొట్టుకుండు.

ఇగ మద్నూర్ ముచ్చట. ఇల్లు రోడ్డు పక్కనే, లారీలు పోతుంటే గోడలు వణుకుతయి, నాకు కాళ్ళకు తెలుస్తుంది. రుక్మాబాయి తలుపు కాడ నిలవడ్డది. పెద్ద కండ్లు. చేతుల పలక! నిజం, బడి పిల్లల పలక. నా కోసమే కొన్నదట. మొదలే రాసి చూపెట్టింది: "మీ చెల్లె రాలేదేంది?"

గంగయ్య మామ ఎవలో ఎరుకైన లారీ డ్రైవర్ కనవడ్డడని బయటికి పోయిండు. ఇగ నేనే చెప్పిన. నువ్వు చెప్పమన్నట్టే, ఏం దాయలే. నా గొంతు పెద్దది గద, వాడకట్టంత ఇనవడ్డదట. "మా ఇంటి దిక్కు ఒక పురుగున్నది, కంటికి కనవడది, ఉడకవెట్టినా సావది. మా చెల్లె ఈడికొస్తే అది అంటుతదని అక్కడోళ్ళకు భయం. వస్తే మూడు వారాలు వేరే పెడ్తరు. ఒళ్ళంత కప్పుకునే ఉంటది, కండ్లు తప్ప ఏం కనవడది. ఎవ్వరితోని మాట్లాడది, తుంపర్లు పడ్తయని." అంత చెప్పిన. నీ అసుంటి బిడ్డ జిల్లాల లేదని గూడ చెప్పిన.

ఒక్కలు గూడ నడుమ మాట్లాడలే సుచీ, అంత శ్రద్ధగ విన్నరు. కొందరు లేచి గోడ దిక్కు జరిగి నిలవడి మరీ విన్నరు. ఛాయ్ అందరికి గాజు గిలాసల్ల, నాకు మటుకు కొత్త కాయితం గిలాసల ఇచ్చిన్రు, పట్నం మర్యాద లెక్క. రుక్మాబాయి పలక మీద ఇంకేదో రాయవోతే వాళ్ళ నాయన పలక గుంజుకుండు. పెద్దల ముంగట పిల్ల ఎక్కువ మాట్లాడొద్దని కావచ్చు. కబురు పంపుతమన్నరట. తిరిగొచ్చిన మామకు చెప్పిన్రు, మామ నాకు సైగ చేసిండు.

నేను పాస్ అయిన అనిపిస్తుంది.

నీ అన్న
లింగం


బెంగళూరు
1 డిసెంబర్ 2025

అన్నా,

పలక కొన్నదా! ఆ ఒక్క మాట చాలు, ఈ పిల్ల మన ఇంటికి రావాల్సిందే.

కానీ ఒకటి అడుగుతాను. నీకొక్కడికే కాగితం గ్లాసులో ఎందుకు ఇచ్చారు? ఏమీ లేదులే అనుకుంటున్నాను. అయినా మనసులో ఎక్కడో గుచ్చుకుంటోంది. కబురు వచ్చిందా? ఇన్ని రోజులైంది.

ఇక్కడ మాకు పెద్ద దెబ్బ తగిలింది. నౌక కాలు ఒకటి తుడిచిన దూది పెట్టిన పళ్ళెంలో తెల్లగా, ముడతలు ముడతలుగా మొలిచింది. చూడగానే గుర్తుపట్టాను, మన గడ్డి పురుగే. అందరూ నావైపు చూశారు. ఊరినుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా. వారం రోజులు నన్ను బయట కూర్చోబెట్టి, నా గోళ్ళు, చెవుల వెనక, జుట్టు అన్నీ పరీక్ష చేశారు. ఏడాది పైన అయింది నేను ఊరికి రాక, అయినా నాకే అనుమానం వచ్చింది, ఏమో, నా ఒంట్లోనే ఉందేమోనని.

చివరికి తేలిందేమిటంటే, ఒక విడిభాగం వచ్చిన అట్టపెట్టెను పొరపాటున లోపలి తలుపుదాకా తెచ్చారు. ఆ అట్ట గడ్డితో చేసింది. అన్నా, పురుగు అట్టపెట్టె ఎక్కి దర్జాగా లోపలికి వచ్చేసింది, నేను మాత్రం మా వదినకు బొట్టు పెట్టడానికి రాలేకపోయాను. తిరిగి లోపలికి వెళ్ళిన రోజు సూటు లోపల ఏడ్చాను. తుడుచుకోవడానికి వీలుండదు, కన్నీళ్ళు మెడ మీదికి కారిపోతాయి.

ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి తుడుస్తున్నాం. నన్ను తిరిగి లోపలికి తీసుకున్నారు. అయినా సరే, నువ్వు ఒక్క మాట రాస్తే అన్నీ వదిలేసి వస్తాను. మళ్ళీ రానివ్వకపోతే పోనీ. వచ్చి బొట్టు పెడతాను. నిజంగా అడుగుతున్నాను, రానా?

సుచి


బాన్సువాడ
12 డిసెంబర్ 2025

చెల్లె సుచరితకు,

ఫికర్ చెయ్యకు. మద్నూర్‌కెల్లి కబురొచ్చింది. అంత మంచిదే. జనవరి దాక ఆగుతమన్నరు. ఆడబిడ్డ తీరువాటంగనే రానియ్యి అన్నరు.

నువ్వు రాకు. పని నడుమల ఇడువద్దు. గా పురుగును ఒక్కదాన్ని గూడ పైకి పోనియ్యకు.

ఈడ యాసంగి నార్లు పోస్తున్నరు. నిజాంసాగర్ నీళ్ళు ఇడిసిన్రు. చలి బాగున్నది. వేరే ఏం లేదు.

లింగం


బెంగళూరు
24 జనవరి 2026

లింగన్నా! లింగన్నా!

అయిపోయింది. నిన్న నౌకను మూత పెట్టి మూసేశారు. ఇక ఎవరూ ముట్టుకోరు, ఎగిరి అక్కడ దిగేదాకా. ఆఖరి దూదిపుల్ల నాదే. పళ్ళెంలో మూడు రోజులు చూశాం, ఏమీ మొలవలేదు. ఖాళీ పళ్ళెం చూసి అందరూ చప్పట్లు కొట్టారు. నేను సూటు విప్పి బయటికి వచ్చి, ఎండలో చాలాసేపు నిలబడ్డాను. ఎవరినైనా కౌగిలించుకోవాలనిపించింది. దగ్గర్లో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు, పాపం ఆయన భయపడతాడని ఊరుకున్నాను.

నా వదినకు చీర కొన్నాను. ఆకుపచ్చ ఇల్కల్ చీర, ఎర్ర కొంగు. పెద్ద కళ్ళన్నావు కదా, ఆమెకు ఆకుపచ్చ బాగుంటుంది. డిసెంబర్ జాబులో నువ్వు ఆమె గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, సిగ్గు పడుతున్నావని అర్థమైంది. పెళ్ళికొడుకు ముచ్చట్లు ఇక ఎదురుగా వింటాను.

ఫిబ్రవరి ఆరున పొద్దున హైదరాబాద్ బస్సులో దిగుతాను. అదే రోజు మద్నూర్ పోదాం. వాళ్ళకు కబురు పెట్టు. ఈసారి గడ్డివాములో పడుకుంటాను, ఎవడు వద్దంటాడో చూస్తా.

నీ సుచి


బాన్సువాడ
29 జనవరి 2026

చెల్లే,

ఈ జాబు స్పీడ్ పోస్టుల ఏస్తున్న, నువ్వు బస్సెక్కక ముందే అందాలె. కూసోని చదువు.

రుక్మాబాయి పెండ్లి డిసంబర్లనే అయిపోయింది. దెగ్లూర్ల లారీ ఉన్నాయనకు ఇచ్చిన్రు. నేను నీకు అబద్ధం రాసిన. రానా అని నువ్వు అడిగిన జాబు అందేటప్పటికే వాళ్ళు వద్దన్నరు.

గంగయ్య మామకు నా మొఖం చూసి చెప్పేందుకు ధైర్యం చాలలే. కాయితం మీద రాసి, నా చేతుల పెట్టి, ఎడ్లకు గడ్డెయ్యాలని పోయిండు. మన ఇంట్ల ఏదో అంటురోగం ఉన్నదట. చెల్లెను బెంగళూరుల వేరే గదిల పెట్టిన్రట, కండ్లు తప్ప ఏం కనవడకుంట కప్పిన్రట, ఉడకవెట్టినా సావని పురుగట. గిదీ మద్నూర్ల నడిచిన మాట. అన్నీ నేను చెప్పిన మాటలే సుచీ. నా నోటితోనే, గొంతెత్తి, వాడకట్టంత ఇనవడేటట్టు చెప్పిన. వాళ్ళేమనుకుంటున్నరో మటుకు నాకు ఇనవడలే.

నేను ఊకోలే. ఈడ దవాఖానల రక్తమిచ్చి, ఏ రోగం లేదని రాయించుకోని మళ్ళ పోయిన. వాకిట్లనే నిలవెట్టిన్రు. వాళ్ళ నాయన దూరంకెల్లి చెయ్యి ఊపిండు, పో అని. గా చెయ్యి సమజ్ కానీకి చెవులు అక్కర లేదు. నేను అవ్వ కొడుకును, కాయితం గిలాస చూసినప్పుడే నాకు తెల్వాలె. సంతోషంల తెల్వలే. గా పలక మీద ఆమె ఏం రాయవోయిందో, గదొక్కటి ఇప్పటికీ మనసుల తిరుగుతది.

ఎందుకు చెప్పలే అంటవు. చెప్తే నువ్వు అన్నీ ఇడిసి ఉరికొస్తుంటివి. వచ్చి ఏం చేస్తుంటివి? సంబంధం అప్పటికే పోయింది. ఇద్దరి చేతులు ఖాళీ అయితుండె. ఒక్కరి పనన్న కానీ అని ఊకున్న.

నీ తప్పు లేదు, ఏడువకు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నవు, చెప్పిన. కాని ఒక మాట కడుపుల ఉన్నది, రాయకపోతే నాకు నిద్ర రాది. ఎవలున్నరో లేరో తెల్వని చోటు కోసం గింత జాగ్రత్త పడ్డవు. నేను ఉన్న గదనే. నేను ఈడనే ఉన్న. గీ మాట రాసి కొట్టేద్దమనుకున్న. ఉండనీ.

నీ పని మంచిగయిందంటే మిల్లుల అందరికి బెల్లం పంచిన. అది నిజం, అబద్ధం కాదు.

చీర వాపస్ ఇయ్యకు, నువ్వు కట్టుకో. మద్నూర్‌కు పోయేది లేదు గని, నువ్వు రా. ఆరో తారీకు పొద్దుగాల బస్టాండుల ఉంట. మిల్లుకెల్లి సక్కగ వస్త, తానం గీనం ఏం చెయ్య. బస్సు దిగినంక అన్నా అని దూరంకెల్లి పిలువకు, నాకు ఇనవడది. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకో.

నీ అన్న
లింగం